మధ్యాహ్నగోష్ఠి : పేరంటపు పిలుపు అందని గుమ్మము



శ్రావణమాసము సమీపించుచున్నది. మన యిండ్లలో ఇత్తడి పళ్లెములు చింతపండుతో తోమబడును. సెనగలు నానును. తమలపాకులెన్ని, వక్కలెన్ని, రవికెగుడ్డలెన్ని కావలయునో లెక్కలు వేయబడును. వెనుకటి దినములలో ఆడుపిల్లలు కుంకుమభరిణె చేతబట్టుకొని, పట్టుపరికిణీలు గరగరలాడ, ఇంటింటికిని పోయి బొట్టుపెట్టి పిలిచి వచ్చుచుండిరి. మా బోటి చిన్న పట్టణములలో ఇప్పటికిని అట్లు పిలుచు ఇండ్లు కొన్ని కలవు. అపార్టుమెంట్లలో నివసించువారు వాట్సాపులో లక్ష్మీదేవి బొమ్మను పంపి పిలుచుచున్నారు. పద్ధతి మారినను పిలుపు మానలేదు, సంతోషింపదగినదే. అయితే ఈ నెల నేను వ్రాయదలచినది పిలువబడువారిని గూర్చి కాదు. పిలువబడనివారిని గూర్చి.

పేరంటమన్నంత మాత్రమున సెనగలును తాంబూలమును ఇచ్చిపుచ్చుకొనుటయే యని నవ్వువారు కలరు. నేను నవ్వజాలను. స్త్రీ గడప దాటుటకు గుడియు పుట్టినిల్లును దక్క మఱొక కారణము లేని కాలములో పేరంటమే ఆమెకు సభ, పేరంటమే ఆమెకు పత్రిక. కొత్తగా కాపురమునకు వచ్చిన కోడలికి వీధిలో ఎవరి యిల్లేదియో తెలిసినది అచ్చటనే. ఎవరి కోడలికి నెలలు నిండినవో, ఎవరి బిడ్డకు జ్వరము తగ్గలేదో, ఎవరి యింట బియ్యము నిండుకొన్నవో నోరు విప్పి చెప్పకున్నను పదిమందికి తెలిసిపోయెడిది. తెలిసిన పిమ్మట ఏదో యొక సాయము చేరెడిది. ఇల్లాలు క్రింద కూర్చుండి, వచ్చిన యామె పాదములకు తన చేతులతో పసుపు రాయును. వచ్చినది జమీందారు కోడలైనను గుమాస్తా భార్యయైనను పసుపు ఒక్కటియే.

ఇంత చక్కగ అల్లిన చాపమీద కొందఱికి చోటు లేకుండ చేసితిమి. భర్త గతించిన యామెకు పిలుపు లేదు. పిల్లలు లేని యామెను సీమంతమునకు పిలుచుటకు సంకోచింతుము. వేఱు కులము వారిని వీధి యరుగు వఱకే యనుకొను ఇండ్లు నేటికిని కలవు. ఆ ఇత్తడి పళ్లెములను తళతళలాడ తోమిన యామెకు సెనగలు పెరటి గుమ్మములో అందింపబడును. ఇవి యెవరో చేసిన తప్పులని వ్రాయుట సులభము. నేను చేసినదియే చెప్పెదను.

మా యింటికి రెండిండ్ల అవతల ఒక పెద్దామె యున్నది. వీధివారందఱును ఆమెను పిన్నిగారని పిలుతురు. భర్తగారున్న కాలములో మా వీధి పేరంటములకు ఆమెయే ముందు. మంగళహారతులు నలువదికి తక్కువ గాకుండ వచ్చును. మల్లెలైనను కనకాంబరములైనను ఆమె చేతిలో గడియలో దండ యగును. ఎనిమిదేండ్ల క్రిందట భర్తగారు గతించిరి. ఆ సంవత్సరము వరలక్ష్మీవ్రతమునకు నేను మా అమ్మాయి చేతికి కుంకుమభరిణె నిచ్చి పంపుచుండగా, అది గుమ్మములో నిలిచి, “అమ్మా! పిన్నిగారింటికిని వెళ్ళుదునా?” యని యడిగెను. “వద్దు, దాటి పొమ్ము,” అంటిని. దానికి అప్పుడు తొమ్మిదేండ్లు. మఱొక ప్రశ్న వేయక వెడలెను. నేను కిటికీలోనుండి చూచుచునే యుంటిని. పిన్నిగారు అరుగుమీద కూర్చుండి యుండిరి. వీధి మలుపున పిల్ల కనబడగానే చాప చుట్టుకొని లోపలికి పోయి తలుపు వేసికొనిరి. పసిపిల్ల తన గుమ్మము ముందు తడబడకుండుటకే యట్లు చేసిరని నాకు తెలియుటకు ఆఱేండ్లు పట్టెను.

ఆ యాఱేండ్లలో ఆమెతో మేమెవరమును తగవులాడలేదు. ఎదురుపడిన “కులాసాయా పిన్నిగారూ?” అని యడుగుచునే యుంటిమి. ఆమె యరుగుమీదికి వచ్చుట మానెను. పిమ్మట గుడికి పోవుట మానెను. కుమాళ్ళిరువురిలో నొకరు హైదరాబాదులోను, మఱొకరు అమెరికాలోను ఉన్నారు. ప్రతి ఆదివారమును ఫోను చేయుదురు. నెలనెల డబ్బు పంపుదురు. ఆమెకేమి లోటని మేమనుకొంటిమి.

రెండేండ్ల క్రిందటి మార్గశిరమాసములో ఒకనాడు పదిగంటల వేళ మా యింట పాచిపని చేయు ఆమె వచ్చి, “అమ్మగారూ! పిన్నిగారి పాలసంచి యింకను తలుపునకు వ్రేలాడుచున్నది,” అని చెప్పెను. నేను రెండు మారులు ఆ త్రోవను పోయియు చూడలేదు. తలుపు పగులగొట్టి చూడగా, పిన్నిగారు స్నానపు గదిలో జారిపడి, తుంటియెముక విఱిగి, ముందునాటి సాయంకాలము మొదలుకొని ఆ తడి నేలపై పడియుండిరి. ఆస్పత్రిలో ఆపరేషనైన నాలుగవ నాడు నేను ప్రక్కన కూర్చుండి, “కేకవేయకపోతిరా పిన్నిగారూ! గోడకు గోడ ఆనుకొన్న ఇండ్లు గదా!” యంటిని. ఆమె చాలసేపు పలుకక, “కేకవేయుదమని నోరు తెఱచితిని అమ్మాయీ. ఎవరి పేరు పెట్టి పిలువవలెనో తోచలేదు. ఎవరినైనను పిలిచి చాల కాలమైనది,” అనిరి.

మా వీధిలో ఇరువదిమూడు ఇండ్లు కలవు.

ఆమె మంచము పట్టియున్న కాలములో నేను ప్రతి మధ్యాహ్నమును పోయి రామాయణము చదువుచుంటిని. మా నాయనగారు నాకు పదియవ యేటనే బాలకాండము మొదలుపెట్టి చెప్పిరి. గ్రంథమంతయు నాకు తెలిసినదే యని నా గర్వము. యుద్ధకాండము చివర పట్టాభిషేక ఘట్టమునకు వచ్చితిమి. సీతారాములు అయోధ్యకు మఱలి వచ్చిరి. మంగళస్నానములు జరుగుచున్నవి. అచ్చట పిన్నిగారు, “ఆగుము, ఆ మాట మఱల చదువుము,” అనిరి. చదివితిని. ఆ శుభదినమున సీతాదేవికి అలంకారము చేసినవారెవరు? దశరథుని భార్యలు, పరిచారికలచేత గాక తమ చేతులతోనే చేసిరి. ఆమీదట వానరస్త్రీలందఱిని అలంకరించినది కౌసల్య. పిన్నిగారు నా వైపు చూచి, “దశరథుడు గతించి అప్పటికి పదునాలుగేండ్లు కాలేదా అమ్మాయీ?” యని మాత్రమనిరి. మఱేమియు ననలేదు. ఎన్ని మారులు పారాయణము చేసితినో నాకే తెలియదు; ఈ సంగతి యొక్క మారును నా కంటబడలేదు.

ఇంటికి వచ్చి భారతము తీసితిని. ఆదిపర్వములో వివాహమైన పిమ్మట ద్రౌపది పట్టుచీర కట్టుకొని వచ్చి అత్తగారికి నమస్కరించినది. ఇంద్రునకు శచీదేవివలె, చంద్రునకు రోహిణివలె, నలునకు దమయంతివలె నుండుమని ఆ కొత్తకోడలిని దీవించినది పాండురాజు గతించిన కుంతి. శాస్త్రచర్చ చేయుటకు నేను పండితురాలను గాను. కాని సీత తలలో పూవులు తుఱిమిన చేతులు, ద్రౌపదిని దీవించిన నోరు అశుభములు కానప్పుడు, మా వీధి పిన్నిగారి పాట మా యింటికి అశుభమెట్లగునో నాకు బోధపడకపోయెను.

గత శ్రావణమున ఆమెను పిలువ నిశ్చయించితిని. మా అత్తగారు డెబ్బదియెనిమిదేండ్లవారు, ఆచారమెఱిగినవారు. వారు కోపపడలేదు. “ఆమెపై నాకు ద్వేషమున్నదని తలపకుము. రేపు నీ కూతురికి ఏ చిన్న కీడు జరిగినను నలుగురు నిన్నే యందురు. ఆ మాట పడగలవా?” యని యడిగిరి. నాకు జవాబు తోచలేదు. మా యింటివారిని అడిగితిని. బడిపంతులు గనుక వారి ఉపమానములన్నియు బడినుండియే వచ్చును. “లెక్క తప్పినవాడు బడి మానడు. తరగతిలో ఎవరును పలుకరింపనివాడు మానును. నేను ముప్పది మందిని అట్లు పోగొట్టుకొన్న పిమ్మట ఆ సంగతి తెలిసికొంటిని,” అని చెప్పి పత్రిక చదువుకొనిరి.

పిల్లను పంపక నేనే పోయితిని. పిన్నిగారు, “పిలిచితివి, అదియే చాలును. నేను వచ్చినచో వచ్చినవారు లేచిపోవుదురు. నీ వ్రతము చెడును,” అనిరి. “మీ మీద జాలిపడి పిలువ రాలేదు పిన్నిగారూ! హారతి పాడువారు లేక రెండేండ్లుగా మేము ఫోనులో పాట పెట్టుకొనుచున్నాము. మీరు రాకున్న మా యింట హారతి లేదు,” అంటిని. ఆమె కఱ్ఱ ఊతగా వచ్చి తలుపు దగ్గఱ కూర్చుండిరి. ఇరువురు స్త్రీలు తాంబూలము పుచ్చుకొనకయే లేచిపోయిరి. తక్కినవారు ఒకరి మొగము లొకరు చూచుకొనిరి. పిన్నిగారు కన్నులు మూసికొని పాడిరి. మొదటి చరణమున గొంతు వణకినది. రెండవ చరణమునకు ఇల్లు నిండినది. పాట ముగియగానే మా అత్తగారు లేచి, తమ చేతులతో తాంబూలము తీసికొనిపోయి ఆమె యొడిలో ఉంచిరి. ఆ రాత్రి నాతో, “నా పెండ్లినాడు మా అమ్మను వెనుకగదిలో కూర్చుండబెట్టిరే! కన్యాదానము మా పెదతండ్రి దంపతులు చేసిరి. బండి యెక్కుచుండగా కిటికీచువ్వలలోనుండి ఆమె చేయి మాత్రము చూచితిని,” అని చెప్పిరి. అరువదేండ్లు వారు ఆ మాటను ఎవరితోను చెప్పలేదు.

లేచిపోయిన ఇరువురిలో నొకామె ఇప్పటికిని నాతో పలుకదు. రెండవ యామె దీపావళికి పెద్ద మూకుడు అడుగుటకు వచ్చి కూర్చుండి పోయినది. ఇట్టి పనులలో అందఱును ఒక్కసారి మెచ్చుకొందురని మీకు చెప్పి మోసగింపను.

అయినను మనము పడు మాట యెంత? 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరములో కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహము చేయించినపుడు ఊరు వారిని వెలివేసినది. వంటవారును నీళ్లవారును మానివేయగా, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీళ్లు మోసి, తామే వండి పెండ్లివారికి వడ్డించిరి. వెలి యన్నది పెద్ద శిక్షయని మన పూర్వులకు బాగుగ తెలియును. కనుకనే దానిని దోషులకు విధించిరి. ఏ దోషమును లేనివారికి అదే శిక్షను మాట రానీయక, చిఱునవ్వుతో మనము విధించుచున్నాము. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో ఈ దేశమున భర్తను కోల్పోయిన స్త్రీలు నాలుగు కోట్లకు మించియుండిరి.

కొన్ని యూళ్ళు మేల్కొన్నవి. మహారాష్ట్రమున కొల్హాపురము జిల్లాలోని హేర్వాడ్ గ్రామపంచాయతి 2022వ సంవత్సరము మే నెలలో, భర్త మరణించినపుడు స్త్రీ గాజులు పగులగొట్టుట, కుంకుమ చెఱుపుట, మంగళసూత్రము తీసివేయుట మొదలగు ఆచారములు తమ యూర కూడవని తీర్మానించెను. తక్కిన గ్రామములును ఆ త్రోవను నడువవలయునని రాష్ట్ర ప్రభుత్వము ఆ నెలలోనే ఉత్తరువు పంపెను. తీర్మానము గాజులను కాపాడగలదు. పక్కింటివారు పిలుచునట్లు చేయుట మాత్రము పక్కింటివారి చేతిలోనే యున్నది.

ఒంటరితనము మనస్సునకే గాక దేహమునకును చేటని వైద్యులు చెప్పుచున్నారు. గుండెజబ్బు, పక్షవాతము, మధుమేహము, మతిమఱపు దానివలన హెచ్చగునట. ప్రపంచారోగ్యసంస్థ 2025వ సంవత్సరము జూను నెలలో ప్రకటించిన నివేదికలో, లోకమున ఆఱుగురిలో నొకరు ఒంటరితనముచేత బాధపడుచున్నారనియు, ఏటేట 8,71,000కు పైగా మరణములు దానితో ముడిపడియున్నవనియు వ్రాసిరి. అనగా గంటకు నూర్గురు.

దీనికి మందేదియని యడిగిన, ఆఫ్రికాఖండమునందలి జింబాబ్వే దేశపు అవ్వలను చూడుడు. ఆ దేశ రాజధానియైన హరారేలో 2006వ సంవత్సరమున డిక్సన్ చిబాండా అను మానసికవైద్యుడు, తగినంతమంది వైద్యులు లేనందున, పేటలలోని అవ్వలకే శిక్షణ నిచ్చెను. ఆరోగ్యకేంద్రము వెలుపల నొక కొయ్యబల్ల. దానిపై అవ్వ కూర్చుండును. దిగులుతో వచ్చినవారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, కథయంతయు విని, ఉన్న కష్టములలో ముందుగా దేనిని తీర్చుకొందమని యడుగును. ఆ దిగులునకు వారి భాషలో ‘అతిగా ఆలోచించుట’ యను అర్థము వచ్చు పేరు కలదు. ఆ బల్లపై కూర్చుండి మాటాడినవారికి ఆఱు నెలలలో దిగులు ఎక్కువగ తగ్గినదని 2016లో ప్రకటింపబడిన పరిశోధన తెలిపెను. మన యరుగులకును ఆ బల్లకును భేదమేమి? అరుగులు కట్టుట మానిన చోట అపార్టుమెంటు క్రింది మెట్లైనను చాలును. కూర్చుండు అవ్వయు, వినువారును కావలయును.

ఇక మనము చేయదగిన పనులు. పిలుపు ఎవరిచేతనో పంపక స్వయముగ పోయి పిలువుడు; ఏండ్ల తరబడి పిలుపెఱుగని యామె మొదటి మారు తప్పక కాదనును. రెండవ మారును పొండు. వట్టి జాలితో గాక పనిబెట్టి పిలువుడు: పాటో, దండయో, అప్పడముల పిండి పాకమో ఆమెకు వచ్చినదానిని అడుగుడు. అక్కఱ యున్నదన్న మాట మనిషిని ఇంటిలోనుండి వెలుపలికి తెచ్చును. వ్రతమునాడు పిలుచుటకు ఇంటిలో పెద్దలు సమ్మతింపనిచో, వారముననొక మధ్యాహ్నము కుంకుమతో పనిలేని గోష్ఠి పెట్టుకొనుడు: పురాణమో, పత్రికయో, కుట్టుపనియో. అది మొదటి మెట్టు మాత్రమేయని మఱవకుడు.

చెవులు సరిగా వినబడని పెద్దలకు ఎదురుగా కూర్చుండి మెల్లగా మాటాడుడు. మోకాళ్ళ నొప్పులవారికొఱకు గోష్ఠిని క్రింది యింటనే పెట్టుడు. కన్నడ దేశమునుండియో ఒరిస్సానుండియో వచ్చిన కోడలు మూల కూర్చున్నచో, ఆమె భాషలో పసుపునకును సెనగలకును పేరేమని అడుగుడు. ఆ పూట ఆమెయే గురువు. ఒంటరిగా నుండువారి యింటి తాళపుచెవి యొకటి మఱొక యింట నుండవలెను. ఉదయము ఏడుగంటలకు పాలసంచి లోపలికి పోయినదా యని చూచుట ఇరుగుపొరుగువారు వంతులు వేసికొనవచ్చును. పెద్దలకు సలహాయో రక్షణయో కావలసినచో కేంద్రప్రభుత్వము 2021లో నెలకొల్పిన 14567 అను ఫోనునంబరు కలదు, రుసుము లేదు. ఈ నంబరును పెద్ద యక్షరములలో వ్రాసి వారి ఫోను ప్రక్కన అంటింపుడు. కాని ఆ నంబరు మీకు బదులు కాజాలదు.

చివరగా నొక మాట. ఆనాడు పాలసంచిని చూచినది మా వీధి ముత్తైదువలలో నొకతె కాదు. మా యింట పాచిపని చేయు ఆమె. ఆ సంవత్సరము శ్రావణమున ఆమెకు సెనగలను పెరటి గుమ్మములో నిచ్చితిని. గత సంవత్సరము ఆమెయు కూడ లోపల చాపమీద కూర్చున్నది. ఆమె పాదములకు పసుపు నేను రాసితిని. పాత్రలు తోమి తోమి కాలివ్రేళ్ళ సందులు ఒఱసియున్నవి. పదునొకండేండ్లుగా మా యింట తిరుగుచున్న పాదములను నేను చూచుట అదియే మొదలు.

ఇప్పుడు ప్రతి గురువారమును పిన్నిగారి యరుగుమీద ఏడెనిమిదిమందిమి కూడుచున్నాము. మా అమ్మాయి ఆమె వద్ద హారతులు నేర్చుకొనుచు నోటుపుస్తకములో వ్రాసికొనుచున్నది, పదునాలుగు పూర్తియైనవి. ఈ శ్రావణమున భరిణె పట్టుకొని అదియే వీధిలోనికి పోవును. ఏ గుమ్మమును దాటి రావలదని ఈ మారు ముందుగనే చెప్పియున్నాను.

మీ వీధిలో పిలుపు అందని గుమ్మమేదియో, అచ్చటికి పోయి పిలిచినపుడేమి జరిగినదో నాకు వ్రాయుడు. మంచి జరిగినను, మాట పడినను దాచక వ్రాయుడు. వచ్చు సంచికలలో మీ యుత్తరములను పేరు తెలుపకయే ప్రకటించి ముచ్చటించుకొందము.